అవ్వ మార్చేసిన నారు

నా చిన్నప్పుడు నన్ను మొట్టమొదట మోసం చేసిన మనిషి మా అవ్వ. అదీ నా మీద ప్రేమతోనే. అందుకే ఆ కోపాన్ని ఎవరి ముందూ వెళ్లగక్కలేకపోయాను.

శామీర్‌పేట దగ్గర మా ఇంటి వసారాలో, పగిలిన కుండలో టమాటా నారు పోశాను. బడి నుంచి రాగానే సంచి ఓ మూల పారేసి దాని దగ్గరే కూర్చునేదాన్ని. నారు జానెడు ఎదిగాక పెరట్లో మడి చేసి నాటాను. నీడలో పెరిగిన మొక్కల్ని ఒక్కసారిగా మండుటెండలో పెట్టానన్నమాట. మర్నాటికే ఆకులు తెల్లగా పాలిపోయి, అంచులు ఎండిపోయాయి. దాహమేమో అనుకుని చెంబులకొద్దీ నీళ్లు పోశాను. ఇంకా వడలిపోయాయి. ఏడ్చి ఏడ్చి అన్నం కూడా ముట్టలేదు.

తెల్లారి చూద్దును కదా, మడి నిండా పచ్చటి మొక్కలు! ఎగిరి గంతేశాను. “సూసినవా, నీ హస్తవాసి మస్తుంది బిడ్డా” అంది అవ్వ. మా వైపు తొలి మొక్క ఎవరి చేత పడితే వారి చేత నాటించరు. అలాంటిది పక్కింటి అక్క నన్ను పిలిచి తన మిరపమడిలో తొలి మొక్క పెట్టించింది. ఇంకేం, వీధిలో నా నడకే మారిపోయింది.

కొన్నాళ్లకు చెత్త పారేయడానికి పెంటకుప్ప దగ్గరికి వెళ్లాను. నా మొక్కలు అక్కడ తడి చెత్తలో, వేళ్లమట్టితోనే పడి ఉన్నాయి. అవే తెల్లబడ్డ ఆకులు. వంగి చూస్తే ఒకదాని మొవ్వులో పచ్చటి చిగురు! ఎండదెబ్బ పాత ఆకులకే తగిలింది, మొక్క చావలేదు.

దాన్ని పట్టుకెళ్లి అవ్వ ముందు నిలబడ్డాను.

“నువ్వు ఏడుస్తాంటే సూడలేక, పక్కింటామె టమాట మడిలకెల్లి తెచ్చి పెట్టిన బిడ్డా.”

“మరి నా హస్తవాసి అంటివి గదా?”

అంటే పక్కింటి అక్కకూ తెలుసు! తన మొక్కలే చూసి నన్ను మెచ్చుకుంది. ఛీ, ఇద్దరూ నా వెనక ఎంత నవ్వుకున్నారో! ఆ మొక్కను వసారా నీడలో నాటి, రోజూ పొద్దుటిపూట కాసేపే ఎండ చూపించాను. బతికింది, కాసింది. అవ్వ కూరకు కోయబోతే ముట్టనివ్వలేదు.

ఈమధ్య పేట్ బషీరాబాద్‌లో మా డాబా మీద మనవరాలి టమాటా నారు అచ్చం అలాగే తెల్లబడింది. “చచ్చిపోయినయా, నానమ్మా?” అని అడిగింది. మా వీధి చివర నర్సరీలో అలాంటి నారే దొరుకుతుంది. పిల్ల బడి నుంచి వచ్చేలోపు మార్చేస్తే దానికేం తెలుస్తుంది? నిజం చెప్పొద్దూ, మనసు అటే లాగింది. అవ్వ మీద కోపం అప్పుడు కాస్త తగ్గింది, పూర్తిగా కాదు.

“కొన్ని పోతయేమో బిడ్డా. మొవ్వు పచ్చగున్నయి ఏవో సూద్దాం రా” అని పాత చీర తెచ్చి నీడ కట్టాను.

అది ఏడ్చింది. నేను ఏడవనిచ్చాను.