ఒక్క తాను, నాలుగు సూట్లు

మా నలుగురిలో బండి నడపడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సుఖం. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా లారీల సందుల్లోంచి హారన్ కొట్టుకుంటూ దూరిపోవడాన్ని డ్రైవింగ్ అనుకునే మనుషులం. అలాంటి వాళ్ళం హైదరాబాద్ అవతల ఉన్న ఒక రేసు ట్రాక్ మీద కార్లు తోలడానికి పేర్లు రాయించుకున్నాం. అక్కడ అప్పుడప్పుడు మామూలు జనానికి ఒక రోజు ట్రాక్ వదులుతారు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, ఎదురుగా బర్రె వస్తుందన్న భయం లేకుండా తిరగొచ్చు.

ఈ పిచ్చి మొదలుపెట్టింది మా బామ్మర్ది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు, కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం. పాత కారు ఒకటి కొని, దానికి పైపులు మార్పించి, వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదిరేంత చప్పుడు పెట్టించాడు. వాడి మాటకు తలూపినవాళ్ళు ఇద్దరు. ఒకాయనకు రాయికల్ దగ్గర రైస్ మిల్లు. కారెక్కినప్పుడు తప్ప ఎక్కడా తొందరపడడు. ఇంకొకాయన పెగడపల్లి మనిషి, గల్ఫ్‌లో ఆయిల్ కంపెనీలో చాలా ఏళ్ళు చేసి వచ్చాడు. నాలుగోవాణ్ణి నేను. సిరిసిల్లలో మగ్గాల షెడ్డు చప్పుడులో పెరిగి, జగిత్యాలలో బట్టల దుకాణం పెట్టుకున్నవాణ్ణి. వాళ్ళ ముగ్గురి కంటే నాకు బుద్ధి ఎక్కువని అప్పట్లో గట్టి నమ్మకం.

ట్రాక్ వాళ్ళు ఫోన్‌కు ఒక కాగితం పంపారు. మొహం మొత్తం కప్పే హెల్మెట్, మూసి ఉండే బూట్లు, నిండు చేతుల కాటన్ చొక్కా, కాటన్ ప్యాంటు. కింద ఒక లైను: సింథటిక్ బట్టలు వద్దు. అంతే. అది చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా ముగ్గురూ దాని కిందున్న కార్ల ఫోటోలు చూసి బొటనవేలు గుర్తు పెట్టి వదిలేశారు.

వాళ్ళు తెచ్చుకున్న రక్షణ సామాను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రైస్ మిల్లు ఆయన హెల్మెట్, కరీంనగర్ రోడ్డు మీద పోలీసు చలాను తప్పించుకోవడానికి కొన్న సగం టోపీ. గల్ఫ్ ఆయన చేతి తొడుగులకు వేళ్ళు లేవు, జిమ్ములో బరువులెత్తేవాళ్ళవి. మా బామ్మర్ది అందరినీ మించాడు. రేసు కారు తోలేవాళ్ళ మెడ చుట్టూ ఏదో కట్టు ఉంటుందని ఎక్కడో చూశాడట, మెడికల్ షాపుకు పోయి మెడ నరాలు పట్టేసినవాళ్ళకు పెట్టే స్పాంజి పట్టీ కొనుక్కొచ్చాడు. అది పెట్టుకుని మా ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడితే నా భార్య కంగారుపడి, "ఏందిరా, ఎక్కడ వడ్డవు?" అని అడిగింది.

ఇక నలుగురికీ రేసు సూట్లు. మా వైపు నలుగురు కలిసి ఎక్కడికి బయలుదేరినా ముందు బట్ట తాను ఒకటి దించుతారు. వినాయకుడి నిమజ్జనానికి గల్లీవాళ్ళందరికీ ఒకటే చొక్కా, పెళ్ళికి పిల్లగాడి దోస్తులందరికీ ఒకటే కుర్తా, బతుకమ్మకు వాడకట్టు ఆడవాళ్ళందరికీ ఒకటే చీర. ఒక్క తానులోంచి కోసిన బట్ట వేసుకుంటే అందరిదీ ఒక్క మాట అని. నా దుకాణం నడిచేదే దాని మీద కాబట్టి నేను నవ్వకూడదు. నవ్వుతాను.

ఆ సాయంత్రం నా దుకాణంలోనే కూర్చున్నారు.

"బావా, నువ్వు సిరిసిల్లోనివి. బట్ట సంగతి నువ్వే చూస్కో. ఎర్రగ మెరవాలె. ఫోటోల దూరం నుంచి కనవడాలె" అన్నాడు బామ్మర్ది.

"కాటన్ల తీసుకుందాం. కాయిదంల గదే రాసిండ్రు" అన్నాను.

రైస్ మిల్లు ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "కాటన్ ఏస్కొని పోతె రేసర్లం అనరు. ఓట్లు అడగ అచ్చిన లీడర్లం అంటరు."

గల్ఫ్ ఆయన వైపు తిరిగాను. ఆయిల్ కంపెనీలో నిప్పు దగ్గర పనిచేసేవాళ్ళకు మంట అంటుకోని బట్టతో నిలువెత్తు కవరాల్ ఇస్తారు. ఆయన తెచ్చుకున్న నీలం కవరాల్‌ను ఇప్పుడు వాళ్ళ నాయన పొలంలో మందు కొట్టేటప్పుడు తొడుక్కుంటున్నాడు. మా నలుగురి ఇళ్ళల్లో నిప్పుకు నిలబడే బట్ట అదొక్కటే. "నీ కవరాల్ ఉన్నది గద, గదే ఏస్కో" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "గది లేబర్ బట్ట. గది ఏస్కొని ఫోటో దిగితె మల్ల గల్ఫ్ పోయిండనుకుంటరు మా ఊరోల్లు."

అక్కడ నాకు ఒళ్ళు మండింది. చెప్పాను, నవ్వారు, ఇక చావండి అనుకున్నాను. కోపంలో అందరూ అనుకునే మాటే, కానీ నేను మర్నాడు పొద్దున కోపం దిగాక కూడా అలాగే అనుకున్నాను.

పాలిస్టర్ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాయన మగ్గాల మీద జీవితమంతా నేసింది అదే. ఒక్కనాడూ ఒంటి మీద వేసుకోలేదు, ఎండాకాలమైనా చలికాలమైనా కాటన్ బనీనే. నా చిన్నప్పుడు షెడ్డులో పనిచేసే ఒకాయన తొడ మీద బీడీ నిప్పు రాలింది. లుంగీ కాలలేదు, కరిగింది. కరిగి, నల్లటి ముద్దై, తోలుకు అతుక్కుంది. ఆయన దాన్ని పీక్కోబోతే మా నాయన చెయ్యి పట్టుకుని నీళ్ళు పోస్తూ, "పీకకు, తోలు ఊడస్తది" అన్నాడు. నూలు బట్ట అయితే అంటుకుంటుంది, కాలి బూడిదవుతుంది, దులిపేసుకోవచ్చు. పాలిస్టర్ మనిషిని వదలదు. కారులో మంట లేస్తే నా బామ్మర్ది తోలు ఉంటుందా పోతుందా అన్నది ఆ తేడా మీద ఉంది. అది తెలిసే సిరిసిల్ల పోయి ఎర్రగా మెరిసే పాలిస్టర్ తాను దించాను.

నా ఒక్కడికి మటుకు అదే రంగులో ముతక కాటన్ విడిగా కోయించుకున్నాను.

జగిత్యాలలో నాకు ఎప్పుడూ కుట్టిపెట్టే ముసలి టైలర్‌ను చాచా అంటాను, ఆయనది ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. కత్తెర పెట్టిన పది నిమిషాలకే కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు.

"సేట్, గీ మూడింటిది ఒక గుడ్డ, గిదొక్కటి వేరే."

"నాకు ఉక్కపోత పడది చాచా."

"అయితె అందరికి గిదే కుట్టచ్చు గద?"

"వాళ్లకు మెరుపు గావాలె."

ఆయన మళ్ళీ కత్తెర ఆడించాడు. ఛాతీ మీద ఎవరి పేరు వాళ్ళకు కుట్టాడు, వీపు మీద జగిత్యాల అని ఇంగ్లీషు అక్షరాల్లో వేశాడు. రేసర్ల ఫోటో చూసి భుజాల మీద పట్టీలు కూడా పెట్టాడు, పోలీసు యూనిఫారానికి పెట్టినట్టు, ఒక్క వరస కుట్టుతో.

ట్రాక్ దగ్గర పొద్దున్నే సూట్లు తొడుక్కుని ముగ్గురూ మెరిసిపోయారు. నాది మాత్రం మసకగా ఉంది. మిల్లు ఆయన దాన్ని పట్టుకుని లాగి, "ఏంది, నీది అప్పుడే ఎలిసిపోయింది?" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఎంత తియ్యగా ఉండిందో నాకు ఇంకా గుర్తే. అక్కడ మా వెనక వరసలో కాలేజీ కుర్రాడొకడు పాత జీన్స్, వాళ్ళ నాయనదేమో అనిపించే కాటన్ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. మావాళ్ళు వాణ్ణి చూసి గుసగుసలాడారు. నిజానికి ఆ పొద్దు మావాళ్ళు ముగ్గురి కన్నా వాడే భద్రంగా ఉన్నాడు.

బండ్లనూ మనుషులనూ చూసి పంపే ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. మిల్లు ఆయన సగం టోపీ పక్కన పెట్టించి, అద్దెకు నిండు హెల్మెట్ ఇప్పించాడు. బామ్మర్ది మెడపట్టీ చూసి తీసెయ్యమన్నాడు. తరవాత మా సూట్లు చూసి, "ఇవి కాటనేనా? మెరుస్తున్నాయి" అని అడిగాడు.

బామ్మర్ది నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా బావ సిరిసిల్ల మనిషి సార్, బట్టల దుకాణం. అందరిది ఒక్క తానే. బావది జర ఉతికి ఎలిసింది, అంతే."

ఆయన నాకు దగ్గరగా ఉన్నాడు. నా సూటు చేతి అంచును బొటనవేలితో నలిపి చూశాడు. "సరే, కాటనే" అని నలుగురి పేర్ల పక్కనా గుర్తు పెట్టాడు.

నాది వేరే బట్ట సార్ అంటే చాలు. ముగ్గురికీ అక్కడే ఎవరివో మామూలు చొక్కాలు దొరికేవి. నేను నోరు విప్పలేదు. భయంతో కాదు. నా మాట విననివాళ్ళు నా చేతి అంచు పుణ్యాన గట్టెక్కారని నాకు లోపల తృప్తిగా ఉండింది. ఏమవుతుందిలే, చెమటకు ఉడుకుతారు, అనుకున్నాను.

బామ్మర్ది కారులో పక్క సీటులో నేనే కూర్చున్నాను. మూడు చుట్లు మంచిగానే తిరిగాడు. నాలుగో చుట్టులో పెట్రోలు వాసన వచ్చింది, బానెట్ అంచుల్లోంచి పొగ లేచింది. మార్చిన పైపుల దగ్గర ఏదో జారి ఉంటుంది. పక్కన గడ్డిలో ఆపాడు. అక్కడితో దిగి దూరంగా పోతే ఏమీ అయ్యేది కాదు, పొద్దున ట్రాక్ వాళ్ళు చెప్పింది కూడా అదే. కానీ కోరుట్ల రోడ్డు మీద పొగ వస్తే మావాళ్ళు ఏం చేస్తారో వాడూ అదే చేశాడు. పోయి బానెట్ ఎత్తాడు.

గాలి తగలగానే మంట లోపలి నుంచి వాడి కుడిచేతి మీదికి వచ్చింది. నేను వెనక నుంచి భుజం పట్టీ పట్టుకుని లాగాను. అసలైన రేసు సూట్లకు ఆ పట్టీ పెట్టేది అందుకేనట, పడిపోయినవాణ్ణి పట్టుకుని బయటికి ఈడ్చడానికి. చాచా కుట్టిన పట్టీ నా చేతిలోకి ఊడి వచ్చింది. అప్పుడు రెండు చేతులూ వాడి నడుము చుట్టూ వేసి వెనక్కి పడ్డాను. నా చేతికీ మంట అంటుకుంది. ట్రాక్ వాళ్ళు ఉరికి వచ్చి తెల్లటి పొడి చల్లారు.

నా సూటు చేతి అంచు నల్లగా మాడి, దులిపితే రాలిపోయింది. కింద తోలు ఎర్రబడింది, అంతే. వాడి సూటు చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రదనం పోయి నల్లగా ముడుచుకుని మెరుస్తోంది.

అక్కడి మందుల గదిలో నర్సమ్మ వాడి చేతి బట్టను కత్తెరతో కోసింది. కొంత వచ్చింది, కొంత రాలేదు. నీళ్ళు పోస్తూ నా చేతి వైపు చూసింది, మళ్ళీ వాడి చేతి వైపు చూసింది. "మీ ఇద్దరివీ ఒకటే సూట్లు కావా?" అంది. ఆమె అంబులెన్సును పిలవడానికి బయటికి పోయింది.

బామ్మర్ది నా మాడిన చేతి అంచును చూస్తూ ఉన్నాడు. వాడిని నేను తెలివితక్కువ వాడని ఎన్నోసార్లు అన్నాను, వాడి అక్క ముందు కూడా. ఎడమచెయ్యి చాపి నా బట్టను వేళ్ళతో నలిపాడు, పొద్దున ఆ తనిఖీ ఆయన నలిపినట్టే.

"బావా, నీకు ముందే ఎరుకేనా?"

"ఎరుకే."

వాడు తిట్టలేదు. కాసేపు కళ్ళు మూసుకుని పళ్ళు బిగపట్టాడు. తరవాత అన్నాడు, "అక్కకు చెప్పకు. అది నీతోని ఉండది."

నాకు ఏడుపు వచ్చింది. వాడి మీద జాలితో వచ్చిందనుకుంటే నాకు బాగుండేది. సిగ్గుతో వచ్చింది.

ఆసుపత్రిలో వాడి తొడ నుంచి తోలు తీసి చేతికి వేశారు. వాడు ఇంటికి వచ్చిన వారానికి కోరుట్లలో మా అత్తగారింట్లో యాటను కోసి విందు పెట్టారు. అత్త వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది: "మా అల్లుడు మంటల్లకు ఉరికి గుంజిండు. ఆయన లేకుంటె నా కొడుకు నాకు లేడు." మిల్లు ఆయన, గల్ఫ్ ఆయన పక్కన కూర్చుని తలూపారు. నా భార్య నా వైపు చూసిన చూపు మా పెళ్ళైన కొత్తలో కూడా చూడలేదు.

బామ్మర్ది నా పక్కనే కూర్చుని ఎడమచేత్తో, చెంచాతో తింటున్నాడు. ముక్క చెంచాలో నిలవక జారిపోతోంది. నేను కలిపి పెట్టబోతే వద్దని తలూపి, వాళ్ళమ్మను పిలిచాడు.

"అమ్మా, బావకు ఇంకో ముక్క ఎయ్యి."

అత్త వేసింది. అందరూ చూస్తున్నారు. తిన్నాను.