క్వెక్ అంకుల్ పట్టిన కుర్చీ

క్వెక్ బూన్ లియాంగ్‌కి ఖాళీ కుర్చీ కనపడకూడదు. కనపడిందా, జేబులోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి దాని మీద పెట్టేస్తాడు. ఇక ఆ కుర్చీ ఆయనది. కూర్చుంటాడా అంటే, కూర్చోడు. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద ఇంకో ప్యాకెట్ పెట్టడానికి వెళ్తాడు.

సింగపూర్‌లో ఈ అలవాటు లేనివాళ్లెవరు! బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే ఇదీ. మధ్యాహ్నం తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్తాం, బల్ల దగ్గర టిష్యూ ప్యాకెట్ పెడతాం, తాపీగా నూడుల్స్ తెచ్చుకుని కూర్చుంటాం. ఆ ప్యాకెట్‌ని ఎంతటివాడూ కదపడు. కానీ దేనికైనా ఒక హద్దుంటుంది కదా, ఒక మనిషికి ఒక కుర్చీ అని. ఆ హద్దేదో క్వెక్ అంకుల్‌కి డెబ్బై మూడేళ్లు వచ్చినా ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక్కడే వస్తాడు, ఒక్క గిన్నె చేప ఉండల సూప్ తాగుతాడు, ఐదు కుర్చీలు పట్టుకుంటాడు.

తోవా పాయోలోని మా బ్లాకులో ఈ సంగతి ఎవరినడిగినా నవ్వుతూ చెబుతారు. రోస్నానీని మాత్రం అడక్కండి. మా నివాసుల సంఘానికి ఆయన ఇరవై రెండేళ్లుగా అధ్యక్షుడు, ఆవిడ ఇరవై రెండేళ్లుగా కార్యదర్శి. అంటే ఆయన ప్యాకెట్లు పెడుతూ పోతాడు, ఆవిడ జనానికి సంజాయిషీలు చెబుతూ వెనకాల పోతుంది.

సంఘం సమావేశానికి నలభై కుర్చీలు వేస్తే ముప్ఫై కుర్చీల మీద ప్యాకెట్లు. వచ్చినవాళ్లు పాపం మర్యాదస్తులు. ఎవరివో అనుకుని గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

"అంకుల్, ఎవరికోసం ఇవన్నీ?" అంది రోస్నానీ పళ్లు బిగించి.

"ఎవరైనా రావచ్చు కదమ్మా."

"వచ్చేశారు! అదిగో, నిలబడ్డారు!"

"మరి కూర్చోమను. నేను వద్దన్నానా?"

ఆస్పత్రిలో నంబరు చీటీ ఇచ్చి పిలుస్తారు. అక్కడ కుర్చీ పట్టాల్సిన పనేముంది? అక్కడా మూడు ప్యాకెట్లు పెట్టాడు. లిఫ్టులో కుర్చీయే ఉండదు. ఆ మూల నేల మీద ఒక ప్యాకెట్ పెట్టి వెళ్లిపోతే, ఏడో అంతస్తు మనిషి ఆ మూల తొక్కకుండా ఒంటికాలి మీద కిందికి దిగాడని చెప్పుకుంటారు. నేను చూడలేదు గాని నమ్ముతాను.

వీటన్నిటినీ రోస్నానీ క్షమించింది. కూతురి పెళ్లినాటి సంగతి మాత్రం ఈనాటికీ క్షమించలేదు.

పెళ్లి మా బ్లాకు కిందే, నేల అంతస్తు ఖాళీ జాగాలో. డప్పులు మోగుతున్నాయి. పెళ్లికొడుకు బంగారు అంచు పట్టుబట్టలతో, నడుముకి పిడిబాకుతో, రాజులా నడిచొచ్చి వేదిక ఎక్కాడు. ఎక్కి నిలబడిపోయాడు. పెళ్లికూతురు కూర్చుంది. డప్పుల వాళ్లు పాట అయిపోయి మళ్లీ మొదలెట్టారు. పెళ్లికొడుకు నిలబడే ఉన్నాడు.

"కూర్చో బాబూ!" అని రోస్నానీ సైగ చేసింది.

"ఎవరో పట్టుకున్నారత్తయ్యా," అని మెల్లిగా అన్నాడు ఆ అమాయకుడు.

చూస్తే ఏముంది, పూలతో అలంకరించిన ఆ సింహాసనం మీద టిష్యూ ప్యాకెట్! మూడు వందల మంది చుట్టాలు చూస్తున్నారు. అందులో ఒక్కరికీ దాన్ని తీయడానికి చెయ్యి రాలేదు. చివరికి రోస్నానీయే వేదికెక్కి, తీసి, చేతిలో నలిపేసింది.

"పెళ్లికొడుకు కోసమే పట్టానమ్మా," అన్నాడు క్వెక్ అంకుల్ బిర్యానీ తింటూ. "ఈలోగా ఇంకెవరైనా కూర్చుంటే?"

"పెళ్లికొడుకు సీట్లో ఎవరు కూర్చుంటారు అంకుల్!"

"జనాన్ని నమ్మకూడదు."

అలాంటి మనిషికి ఈ ఏడాది జాతీయ దినోత్సవం నాడు ప్రజాసేవా పతకం ప్రకటించారు. ఊరికే ఇవ్వలేదు లెండి. డెంగీ రోజుల్లో గడప గడపకీ తిరిగి పూలకుండీల్లో నీళ్లు పారబోయించాడు. ముసలివాళ్ల కోసం లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేలా చేయించేదాకా ఆఫీసులవాళ్లకి నిద్ర లేకుండా చేశాడు. పైవాళ్లకీ కిందివాళ్లకీ గొడవలొస్తే మధ్యలో కూర్చుని, ఇద్దరి చేతా టీ తాగించి పంపాడు. ఇవన్నీ ఒక పేజీలో రాసి పంపమని అడిగితే రాసింది రోస్నానీయే. ఒళ్లు మండుతూనే రాసింది. రాస్తుంటే పేజీ చాల్లేదు. అందుకింకా మండింది.

పతకం తీసుకునేవాళ్లు వెంట ఒక్క అతిథిని తెచ్చుకోవచ్చు. క్వెక్ అంకుల్ భార్య పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఆ ఒక్క సీటు ఇంకెవరిది? రోస్నానీ ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరమే తోచలేదు ఆవిడకి. మలయ్ ఆడవాళ్లు వేసుకునే జాకెట్టూ లుంగీ సముద్రపు రంగు పట్టుతో కుట్టించుకుంది, కొత్త చెప్పులు కొంది. ఆ హాల్లో కూర్చుని చూడాలని ఆవిడకి చెప్పలేనంత ఆశ. తన చేత్తో రాసిన పేజీకి చప్పట్లు కొడుతుంటే ఒక్కసారైనా వినాలనుంది.

"ఆ సీటు పట్టేశాను రోస్," అన్నాడు ఆయన.

"ఎవరికి?"

"ఉంది లేమ్మా ఒకరికి."

రోస్నానీ ఇంటికెళ్లి కొత్త బట్టలు బీరువాలో అడుక్కి తోసేసింది. "ఇరవై రెండేళ్లు! దేశంలో ఉన్న కుర్చీలన్నీ పట్టాడు, నాకొక్కటి మిగల్చలేదు!" అని మొగుడి మీద అరిచింది. మొగుడు హమ్‌జా బస్సు డ్రైవరు, తెలివైనవాడు, డ్యూటీ ఉందని లేచి వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. వేడుకకి ముందు ఒక రోజు రిహార్సల్ పెట్టారు. ఆ సాయంత్రమే రోస్నానీకి ఫోను.

"మేడం, మొదటి వరుసలో పదకొండు టిష్యూ ప్యాకెట్లు దొరికాయి," అంది ఏర్పాట్లు చూసే అమ్మాయి ఏడుపు గొంతుతో. "భద్రతావాళ్లు ఒక్కోదాన్నీ విప్పి చూశారు. గంటన్నర పట్టింది. దయచేసి ఆ రోజు మీరు ఆయన వెంట రండి. గుమ్మం దాకా కనిపెట్టుకుని ఉండండి."

"లోపల సీటు ఉంటుందా నాకు?"

"ఉండదు మేడం. బయట టీ హాల్లో నిలబడొచ్చు, అక్కడ టీవీ ఉంటుంది."

సీటుకి పనికిరాలేదు గాని కాపలాకి పనికొచ్చాను అనుకుంది రోస్నానీ. అయినా కొత్త బట్టలు బయటికి తీసి ఇస్త్రీ చేసుకుంది. ఎందుకు చేసుకుందో ఆవిడకే తెలియదు.

ఆ రోజు పొద్దున్నే ఆయన ఇంటికెళ్లింది. చొక్కా కోసం బీరువా తలుపు తీయగానే ప్యాకెట్లు భుజాల మీదుగా జారి మోకాళ్ల దాకా కుప్ప పడ్డాయి. మంచం కింద ప్యాకెట్లు. బియ్యం డబ్బాలో ప్యాకెట్లు. ఆవిడ గద్దించింది.

"చేతులెత్తండి!"

"నేనేమైనా దొంగనా?"

"దొంగైతే నయం. తీసుకుపోతాడు, పెట్టిపోడు."

చొక్కా జేబులో రెండు, ప్యాంటు జేబుల్లో మూడు, మేజోడులో ఒకటి. ఆరూ లాక్కుని తన చేతిసంచీలో వేసి జిప్పు బిగించింది. క్వెక్ అంకుల్ పొడుగు చేతుల బాటిక్ చొక్కాలో, ఖాళీ జేబులతో, బట్టలు విప్పేసినవాడిలా ముడుచుకుపోయాడు.

టాక్సీ నేరుగా పోలేదు. హాకర్ సెంటర్ దగ్గర ఆపించాడు. అక్కడ స్తంభం పక్కన చక్రాల కుర్చీలో సియా అవ్వ ఉంది. మెట్ల దగ్గర టిష్యూలు అమ్ముకునే ఆ అవ్వని ఎరగనివాళ్లు లేరు. ఇవాళ ఒళ్లో బుట్ట లేదు. పూల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, పెదాలకి రంగు.

"ఈవిడా మీ అతిథి?" అంది రోస్నానీ. క్వెక్ అంకుల్ వినపడనట్టు చక్రాల కుర్చీ మడత పెట్టి డిక్కీలో సర్దాడు.

రోస్నానీ ఇంటిభాష మలయ్, అవ్వకీ సంతలో నేర్చుకున్న మలయ్ బాగానే వచ్చు. వెనక సీట్లో కూర్చోగానే రోస్నానీ చెయ్యి పట్టుకుని మొదలెట్టింది.

"ఏమమ్మా, నువ్వు కూడా ఆయన దగ్గరే పని చేస్తావటగా? చాలా పెద్ద పనట కదా ఆయనది?"

"ఏం పనవ్వా?"

"అదే, జనానికి సీట్లు పట్టే పని! పొద్దున్న పదింటికల్లా వచ్చి నా బుట్టలో ఎన్నుంటే అన్నీ కొనేస్తాడు. నేను ఎండెక్కకముందే ఇంటికెళ్లి పడుకుంటాను. మొదట్లో నాకు అనుమానమొచ్చింది. ఒక్క మనిషికి ఇన్నెందుకు, జాలిపడి కొంటున్నావా, జాలైతే నేను అమ్మను పో అన్నాను. ఒట్టు అవ్వా, అన్నీ వాడుతున్నాను, కావాలంటే వచ్చి చూసుకో అన్నాడు."

"చూశావా?" రోస్నానీ గొంతు మారింది.

"చూడకుండా ఊరుకుంటానా! హాకర్ సెంటర్లో చూశాను, ఆస్పత్రిలో చూశాను. ఒకసారి మీ బ్లాకు కింద ఏదో పెళ్లవుతుంటే అక్కడికీ పోయాను. అప్పట్లో కాళ్లు బాగానే ఉండేవి, స్తంభం చాటున నిలబడి చూస్తే పెళ్లికొడుకు కుర్చీ మీదే పెట్టాడు! అప్పుడు నమ్మాను. అంత పెద్ద కుర్చీకి నా సరుకు పెట్టాడంటే మాటలా?"

రోస్నానీ ముందు సీటు వైపు చూసింది. క్వెక్ అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కిటికీలోంచి చెట్లు లెక్కపెడుతున్నాడు.

"ఒక్క మాట నాతో చెప్పి చావొచ్చు కదా అంకుల్!" అంది మా సింగపూర్ ఇంగ్లీషులో, అవ్వకి అర్థం కాకుండా. కోపం పోలేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదంతే. "ఏడేళ్లుగా మా అల్లుడికి మొహం చూపించలేకపోతున్నాను!"

"చెబితే నువ్వూ కొనేదానివి. బ్లాకంతా కొనేది. అవ్వ కనిపెట్టేసేది," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"ఏమంటున్నాడు?" అంది అవ్వ. "అమ్మాయ్, నిజం చెప్పు. సీట్లు బాగా పట్టినందుకే కదా ఈ పతకం ఇస్తున్నారు? అందులో నా సరుకు పాలు కూడా ఉన్నట్టే కదా?"

ఆ పేజీ రాసింది రోస్నానీ. అందులో ఏముందో ఆవిడకి తెలుసు. లిఫ్టులున్నాయి, దోమలున్నాయి, టీలున్నాయి.

"అవునవ్వా," అంది. "నేనే రాశాను కదా. మొదటి వాక్యమే అది."

అవ్వ మెడ నిటారుగా చేసుకుని కూర్చుంది. హాలు దగ్గర దిగేదాకా ఆ మెడ వంగలేదు.

లోపల వేడుక జరుగుతుంటే రోస్నానీ టీ హాల్లో నిలబడి టీవీలో చూసింది. పేరు పిలిచారు. క్వెక్ అంకుల్ వెళ్లి వంగి నిలబడ్డాడు, పతకం గుచ్చి, దాని పెట్టె చేతికిచ్చారు. నడిచొస్తూ కుర్చీల వరుసల్ని ఆశగా చూసుకుంటూ వచ్చాడు, చెయ్యి రెండుసార్లు జేబులోకి పోయి ఖాళీగా వచ్చింది. మొదటి వరుస చివర సియా అవ్వ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. టీవీ ముందు నిలబడి రోస్నానీ కూడా కొట్టింది. తన పేజీకే అనుకుంది.

తలుపులు తెరిచారు. జనం విరగబడి కరీపఫ్‌ల మీద పడ్డారు. ఉన్న కాసిని కుర్చీలూ క్షణంలో నిండిపోయాయి. రోస్నానీకి కొత్త చెప్పులు కాళ్లని కొరుక్కు తింటున్నాయి. గోడకి ఆనుకుందామని కిటికీ వైపు నడిచి, ఆగిపోయింది.

కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని చుట్టూ కోట్లు వేసుకున్న పెద్దమనుషులు ఏడెనిమిది మంది చేతుల్లో ప్లేట్లతో నిలబడి ఉన్నారు. ఒక్కరూ కూర్చోవడం లేదు. కుర్చీ మధ్యలో మూత తెరిచిన చిన్న పెట్టె, పెట్టెలో మెరుస్తూ పతకం.

ఏర్పాట్ల అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరిదిది? జాతీయ పతకం! ఎవరు వదిలేశారిక్కడ?"

"వదల్లేదమ్మా, పట్టుకున్నాను!" అని హాలు అవతలి నుంచి కేక. క్వెక్ అంకుల్ ఒక చేత్తో చక్రాల కుర్చీ నెడుతూ, ఒక చేత్తో కరీపఫ్‌ల ప్లేటు పట్టుకుని వస్తున్నాడు. "అది రోస్ సీటు! ఇంకెవరూ కూర్చోకండి!"

"అంకుల్!" రోస్నానీకి అరవాలో నవ్వాలో తెలియలేదు. "పతకాన్ని ఎవరైనా కుర్చీ మీద పెడతారా!"

"జేబులన్నీ నువ్వే కదా ఖాళీ చేశావు? మరేం పెట్టమంటావు?"

ఆవిడ పతకాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్లలో ఆయన పట్టిన కుర్చీలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీ మెత్తగా ఉంది. కాళ్లు హాయిగా చాపుకుంది.

సియా అవ్వకి మాత్రం ఇదేమీ నచ్చలేదు. పతకాన్నీ, కుర్చీనీ, క్వెక్ అంకుల్‌నీ మార్చి మార్చి చూసి మొహం ముడుచుకుంది.

"ఏమయ్యా, ఇక నుంచి దీనితోనే పడతావా సీట్లు? మరి నా వ్యాపారం ఏం కావాలి?"

రోస్నానీ చేతిసంచీ జిప్పు లాగి, పొద్దున్న గుంజుకున్న ఆరు ప్యాకెట్లలో ఒకటి తీసింది. పక్క కుర్చీలో పెద్దమనిషి టీ కోసం లేచాడో లేదో, ఆ ప్యాకెట్ దాని మీద పెట్టేసింది.

"వచ్చి కూర్చోండి అంకుల్," అంది. "అవ్వ చూస్తోంది."