గురి సరిచేయని తుపాకీ

ఎనభయ్యో దశకం మొదట్లో హన్మకొండలో నాకు చిన్న వెల్డింగ్ షాపు ఉండేది. ఒక మధ్యాహ్నం మరిపెడ వైపు రైతు ఒకాయన గోనెపట్టాలో చుట్టిన పాత నాటు తుపాకీ తెచ్చాడు. గొట్టం కొసన గురి చూసే బొడిపె పక్కకు వంగిపోయి ఉంది.

"అడవిపందులు చేను ఆగం చేస్తానయ్. జర సక్కగ చెయ్యి తమ్మీ" అన్నాడు.

"ఎంత దూరంల కొడ్తవ్ అన్నా?" అని అడిగాను. దూరాన్ని బట్టే బొడిపె ఎత్తు ఉంచాలి.

"ముప్పై గజాలు. మా అరుగు కాడికెల్లి మా అన్నోళ్ల దర్వాజ దాక."

నోరు జారిందని తెలిసి అతని ముఖం నల్లబడింది. నేను సుత్తి కింద పెట్టాను.

"బొడిపె అతికే ఇత్తడి అయిపోయిందన్నా. వారం ఆగాలె" అని అబద్ధమాడాను.

"ఇయ్యాల్నే కావాలె" అంటూ నా మణికట్టు పట్టుకున్నాడు.

"లేనిది ఏడకెల్లి తేవాలె?"

నా చెయ్యి విడిచి, తుపాకీ అక్కడే వదిలి వెళ్లిపోయాడు. వారం దాటినా దానికోసం రాలేదు.

ఇరవై రోజులకు నాగలి కర్రు అతికించుకోవడానికి వచ్చాడు. పక్కన అచ్చం అతని పోలికలతోనే ఒక పెద్దాయన. "మా అన్న" అన్నాడు తల వంచుకుని. తుపాకీ మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ రోజు ఏమీ అడగకుండా పని చేసి ఇచ్చి ఉంటే? ఇప్పటికీ అదే అనుకుంటుంటాను.