ఊరందరికీ జ్వరం రాసిన ఏడాది

ఏడో తరగతి పిల్లలు ఏ సబ్జెక్టులో ఏమి నేర్చుకున్నారో టిక్కులు పెట్టి పంపమని ఏటా వేసవి సెలవుల ముందు మా బడికి ఒక ఫారం వస్తుంది. నేను ఇంగ్లీషు టీచర్ని. ‘నిత్యజీవిత అవసరాలకు తగిన లేఖ సొంతంగా రాయగలరు’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వాగదు. ‘ఏంది మేడం, ఫారం చూసి నవ్వుతాండారు?’ అంటుంది పక్క సీటు టీచరు. ఏమని చెప్పేది? ఆ గడిలో కళ్ళు మూసుకుని టిక్కు పెట్టదగ్గ విద్యార్థి ఈ అనంతపురం మెట్టనేలల్లో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. దానికి నాకు దక్కిన బహుమతి, హెడ్మాస్టరు గది ముందు ఒక పూటంతా నిలబడడం.

మా ఊరి బడి ఏడు వరకే. ఎనిమిది చదవాలంటే పొద్దున ఆరున్నర బస్సెక్కి మండలం ఊరికి పోవాలి. మా వీధి ఆడపిల్లలెవరూ ఆ బస్సెక్కలేదు. అందరి ఇళ్ళలో ఉన్న కారణమే మా ఇంట్లోనూ ఉంది. నేను ఐదులో ఉండగా మా వీధి బోరింగు చెడిపోయింది. అప్పటినుంచి ఊరి బయట ఒక రైతు తోటలో, కరెంటు ఉన్న గంటల్లో, ఆయన దయ ఉన్నంతసేపు నీళ్ళు పట్టుకోవాలి. అమ్మ తెల్లారకముందే కూలికి పోతుంది. ఇక బిందెలు ఎవరివి? నావే.

నాయన మాత్రం పంపనని ఒక్కసారిగా తెంచి చెప్పలేదు. ‘ఏడు అయిపోయే లోపల నువ్వేమి నేర్చుకుంటాండావో చూస్తా. పనికొచ్చేది ఉంటే ఎనిమిదికి పంపిస్తా, లేకుంటే ఈడనే’ అన్నాడు. నాయనకు సంతకం తప్ప అక్షరం రాదు. అయినా ప్రతి సాయంత్రం మంచం మీద కూర్చుని, బీడీ ముట్టించి, నాకు పరీక్ష పెట్టేవాడు. నా జీవితంలో అంత కఠినమైన పరీక్ష మళ్ళీ రాయలేదు.

ఒకరోజు సైన్సులో జలచక్రం చెప్పారు. నీళ్ళు ఆవిరై పైకి పోయి, మేఘాలై, వానై మళ్ళీ నేలమీదికి వస్తాయని బాణం గుర్తులు గీసిన బొమ్మ చూపించాను. నాయన బొమ్మను దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

‘సగం కరెక్టుగానే రాసినారు. ఆవిరై పైకి పోయేది ఈడనే జరుగుతాండాది, నేను చూస్తానే ఉండా. ఆ మిగిలిన సగం యాడ జరుగుతాదో రేపు మీ సారును అడిగిరా.’

నేను నిజంగానే అడిగాను. ‘అది పరీక్షలో రాదు, కూర్చో’ అన్నారు సారు.

లెక్కల్లో రెండు పంపులు కలిసి ఒక తొట్టిని ఎన్ని గంటల్లో నింపుతాయో కనుక్కోమన్నారు. నేను రెండు గంటలా ఇరవై నాలుగు నిమిషాలని గర్వంగా చెప్పాను. ‘కరెంటు ఎన్ని గంటలిస్తారో రాయనే లేదే? అది తెలియకుండా లెక్క ఎట్ల తెగుతాది?’ అన్నాడు నాయన. హిందీలో వర్షాకాలం మీద వ్యాసం. నెమళ్ళు ఆడతాయి, పిల్లలు వీధి కాలువల్లో కాగితం పడవలు వదులుతారు అని బట్టీ పట్టాం. పది మార్కులకు పది. నా పడవ మాత్రం ఆ ఏడాదంతా నోటుపుస్తకంలోనే ఉండిపోయింది. తెలుగులో అన్నదమ్ములు పొలం విడదీసినట్టు సంధులు విడదీసేవాళ్ళం. సోషల్లో మాది దేశంలోకెల్లా తక్కువ వాన పడే చోట్లలో ఒకటని పటంలో రంగు వేసి చూపించారు. ‘ఈ మాట చెప్పను పుస్తకం అచ్చేసినారా? నన్నడిగుంటే ఊరికే చెప్పిందును గదా!’ అని నాయన బీడీ నలిపేశాడు.

అబ్బా, నాకెంత కోపమొచ్చేదో! మార్కులు నావి, మొదటి ర్యాంకు నాది, ఇంట్లో మాత్రం రోజూ ఫెయిలు. ఆ బస్సు నాకు అందదని ఒక్కోరోజు దుప్పటి ముసుగు పెట్టి ఏడ్చేదాన్ని.

ఇక మిగిలింది ఇంగ్లీషు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు, బడికి రానివాళ్ళు ఇంగ్లీషులో సెలవు చీటీ ఇచ్చి తీరాలని రూలు పెట్టారు. చీటీ ఉంటే సెలవు, లేకపోతే గుంజీలు. సరే, ఇంగ్లీషు సారు మాకు చీటీ రాయడం నేర్పించారు. నేర్పింది ఒకే ఒక్క చీటీ. పరీక్షలో ఏటా వచ్చేది అదే కాబట్టి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలవుతుంది. జ్వరం తప్ప ఇంకో కారణంతో మనిషి సెలవు పెట్టవచ్చని మాకెవరికీ తెలియదు.

దసరా సెలవులు అయిపోయాయి, శనక్కాయ చెట్లు పీకే పని వచ్చిపడింది. మా ఊళ్ళో ఆ పదిహేను రోజులు ఇంట్లో మనిషన్నవాడు ఉండడు. ముసలీ ముతకా పిల్లాజెల్లా అంతా చేన్లోనే. చెట్టు పీకాలి, కాయ తెంపాలి, వాన రాకముందే ఇంటికి చేర్చాలి. ఏడాదంతా మొహం చాటేసే వాన సరిగ్గా అప్పుడే వస్తుంది, అది వేరే సంగతి.

నా చేతిరాత బాగుంటుంది. మొదట నా పక్క బెంచీ పిల్ల రాయించుకుంది. తర్వాత దాని తమ్ముడు, వాడి దోస్తులు. మూడో రోజుకు తల్లులే నేరుగా ఇంటికొచ్చారు.

‘పాపా, మావోనికి మూడు దినాలకు జొరం రాసియ్యమ్మా.’

‘మా ఇద్దరు పిల్లోళ్ళకూ చెరొక వారం జొరం రాయి తల్లీ, మాది పెద్ద చేను.’

నేను రాసేశాను. పేరు, తరగతి, రోజులు మారితే చాలు, మిగతాదంతా గుడ్డిగా వచ్చేసేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఊరంతా నా చేతిరాత కోసం మా గడప తొక్కుతోందంటే అంతకన్నా ఏం కావాలి? నా మిడిసిపాటుకు హద్దు లేకుండా పోయింది.

నాలుగో రోజు బడి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. తరగతి గదుల్లో బెంచీలు తప్ప మనుషులు లేరు. చీటీల ఫైలు తెరిచారు. ముప్పై నాలుగు మందికి జ్వరం! పైగా విషజ్వరాల కాలం. ఆయన మొహం పాలిపోయిందట. అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోను చేశారు.

మర్నాడు పొద్దున రెండు జీపులు, ఒక అంబులెన్సు, బ్లీచింగు పొడి బస్తాలు, పొగ కొట్టే మిషను ఊళ్ళోకి దిగాయి. ఇళ్ళకు తాళాలు. డాక్టరుగారికి గుండె జారిపోయి ఉంటుంది. ఎవరో ముసలాయన చేన్లవైపు చెయ్యి చూపిస్తే బూట్లు ఎర్రమట్టిలో కూరుకుపోతుండగా అందరూ అటు నడిచారు. సూదులు వేస్తారని పిల్లలు చెట్ల కుప్పల వెనకాల దాక్కున్నారు. నర్సమ్మ ఒకణ్ణి పట్టుకుని నోట్లో థర్మామీటరు పెట్టబోతే నోటినిండా పచ్చి కాయలు. ముప్పై నాలుగు మంది రోగుల్లో ఒక్కరికీ రోగం లేదు. ‘జొరం యాడిది సార్? అది బడికి రాసిచ్చిన జొరం’ అని ఒక అవ్వ ఉన్నమాట చెప్పేసింది. ఎవరు రాసిచ్చారో కూడా చెప్పింది, నా చేతిరాతను మెచ్చుకుంటూ.

హెడ్మాస్టరు నన్నూ నాయననూ పిలిపించారు. నాయన చేన్లోంచి అట్లే వచ్చాడు, చేతులకు మట్టి. నేను అప్పటికే పొద్దుటినుంచి గది ముందు నిలబడి ఉన్నాను. ఇద్దరినీ లోపలికి పిలిచారు. బల్లమీద చీటీల కట్ట. నాకు ఒకటే భయం. బడి మాన్పించడానికి నాయనకు ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

‘చూడప్పా నీ కూతురు చేసిన ఘనకార్యం! పైవాళ్ళ ముందు నా తల తీసేసినట్టయింది. రేపు టీసీలో దీని నడత గురించి నేనేమి రాయాల?’ అని అరిచారు హెడ్మాస్టరు.

నాయన పైనున్న చీటీ తీసి నాకిచ్చాడు. ‘ఏం రాసినావో చదువు. తెలుగులో చెప్పు.’

‘నేను జ్వరంతో బాధపడుతున్నందున బడికి రాలేను. దయచేసి మూడు రోజులు సెలవు ఇవ్వవలసిందిగా ప్రార్థన.’

‘ఇంతేనా?’

‘ఇంతే నాయనా.’

‘ఇది చదివేనా సార్ జీపులొచ్చినాది?’

‘మరి? డాక్టరే స్వయంగా వచ్చినాడు!’

నాయన చీటీని నా చేతిలోంచి లాక్కున్నాడు. దెబ్బ పడుతుందని నేను కళ్ళు మూసుకున్నాను.

‘మా వీధి బోరింగు చెడిపోయి రెండేండ్లాయె సార్’ అన్నాడు నాయన, ఎప్పటి గొంతుతోనే. ‘మూడు అర్జీలిచ్చినా. మనిషిని బతిమాలి రాయించినా, ఒక్క ముక్క అబద్ధం ల్యా. ఆఫీసు నుంచి సైకిలు మీద కూడా ఒకడు వచ్చి చూసిపోలేదు. ఈ పిల్ల రెండు మాటలు రాస్తే డాక్టరు చేన్లోకి నడిచి వచ్చినాడు. దీన్ని ఎనిమిదికి పంపిస్తా. టీసీలో మీకు తోచింది రాసుకోండి.’

హెడ్మాస్టరు చీటీల కట్టను మళ్ళీ ఫైల్లో దోపేశారు. తిట్టడానికి పిలిపించిన మనిషి చదువును మెచ్చుకుని పోతే పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు?

బయటికి వచ్చాక నాయన నా చెవి పట్టుకుని మెలిపెట్టాడు. ప్రాణం పోయినంత పనైంది. ‘ఇంగోసారి అబద్ధం రాస్తే కాళ్ళిరగ్గొడతా. నిజం రాసినా జీపొచ్చేటట్ల రాయను నేర్చుకో, పో.’

నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. ‘మరి నీళ్ళు?’ అన్నాను.

నాయన అప్పటికే చేను దారి పట్టాడు. జూన్ వరకు ఆ ప్రశ్న అట్లే ఉండిపోయింది. బోరింగు కూడా అట్లే ఉండింది.

బడి తెరిచిన రోజు ఆరున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరి బయట తోట దగ్గర మలుపు తిరుగుతుంటే నాయన కనిపించాడు. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద బిందె, చంకలో ఇంకొకటి. మా ఊళ్ళో మగవాడు బిందె ఎత్తుకోగా ఎవరూ చూసి ఎరుగరు. సగం నీళ్ళు చొక్కామీదే. గేదెల్ని తోలుకుపోతున్న ఒకాయన నిలబడి పకపకా నవ్వాడు.

‘ఏమప్పా, ఇంట్లో ఆడోళ్ళకు జొరమా?’

నాయన తల తిప్పలేక మెడ బిగబట్టి, బస్సులో ఉన్న నాకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.

‘జొరం ల్యా అన్నా. మా పాప ఎనిమిదికి పోతాండాది.’