మార్తమ్మ చేనిలో పడని వాన

కిందటి నెల తాడిపత్రిలో ఆదివారం ఆరాధన మధ్యలో వాన మొదలైంది. మా మందిరానికి రేకుల కప్పు. చినుకులు లావయ్యేకొద్దీ పాస్టరు గొంతు ఆ చప్పుడులో మునిగిపోయింది. ఆయన కొత్తగా వచ్చిన యువకుడు, మంచివాడు. చప్పుడు తగ్గేదాకా ఆగి, నవ్వుతూ అన్నాడు: "ఇలాంటి వానే ఒకప్పుడు యాడికి ఊరి దగ్గర మార్తమ్మగారి చేను మీద కురిసింది. ఆమె ఇంకా మోకాళ్ల మీద ఉండగానే!" జనం చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు. వెనుక వరుసలో కూర్చున్న నేను తల ఎత్తలేకపోయాను. ఆ చేను మీద వాన పడలేదు. పడిందని మొట్టమొదట చెప్పినవాణ్ణి నేనే. మార్తమ్మ చనిపోయి చాలా ఏళ్లయింది. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి తెలిసింది ఆ అబద్ధం ఒక్కటే కాకూడదని ఇది రాస్తున్నాను.

మార్తమ్మ మా ఊరి సంఘంలో ఆడవాళ్లకు వాక్యం చెప్పేది. భర్త లేడు, పిల్లలు లేరు. మా వేరుశనగ చేనికీ ఆమె చేనికీ మధ్య ఒక గట్టు మాత్రమే ఉండేది. నేను ఆమెను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె ప్రార్థన వింటే కొత్తవాళ్లకు నవ్వొచ్చేది. పక్కింటి గడప దగ్గర నిలబడి పిలిచినట్టుండేది. "అయ్యా, మళ్లా నేనే వచ్చినా. విసుక్కోవాకు" అని మొదలుపెట్టేది. ఒకసారి మా అమ్మ, "అట్ల మాట్లాడొచ్చునా అక్కా దేవునితో?" అని అడిగితే, "నాకు ఇంకో భాష రాదు కదమ్మా, ఆయనే నేర్చుకున్నాడు" అంది.

తొంభైల చివర్లో ఒక ఏడు విత్తనం బాగా మొలిచింది. పూత కూడా వచ్చింది. సరిగ్గా ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టాల్సిన సమయానికి వాన మొహం చాటేసింది. నేల గట్టిపడితే ఊడ దిగదు. పైకి చేను పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. ఆ ఒక్క వాన పడకపోతే ఎద్దులను అమ్మి బెంగళూరుకు కూలికి పోవడం తప్ప మాకు వేరే దారి లేదు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

మార్తమ్మ సంఘాన్ని ఉపవాస ప్రార్థనకు పిలిచింది. మందిరంలో కాదు, చేనిలోనే. మా నాయన గుడికి గానీ మందిరానికి గానీ పోయే మనిషి కాదు. గట్టు మీద బీడీ కాలుస్తూ కూర్చుని, "మార్తమ్మా, ఈపొద్దు వాన పడితే రేపట్నుంచి నీ వెనకాలే వస్తా. పడకపోతే నువ్వు నా వెనకాల బీడీలు తెచ్చి ఇయ్యల్ల" అన్నాడు. "సరే అన్నా, ముందు ఆ బీడీ ఆర్పు. మేఘం వాసన తగలనీ" అంది ఆమె. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఎద్దులు నిలవాలి, నాయన మారాలి, రెండూ ఆ ఒక్క వాన మీదే ఉన్నాయనుకున్నాను. అంత గట్టిగా అంతకు ముందెప్పుడూ ప్రార్థించలేదు.

మధ్యాహ్నానికి నిజంగానే మబ్బు కమ్మింది. గాలి చల్లబడింది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. మబ్బు మా ఎదురుగా ఉన్న గుట్ట దాకా వచ్చి, దాని వెనక్కి తిరిగింది. అవతలి ఊరి మీద తెల్లటి తెరలా వాన దిగడం మాకు కనిపిస్తూనే ఉంది. మా చేనిలో దుమ్ము లేచింది, అంతే. నాయన లేచి పంచె దులుపుకుంటూ, "మీ దేవునికి మన ఊరు యాడుండాదో ఎవురన్నా చెప్పండప్పా" అన్నాడు. మార్తమ్మ గుట్ట వైపే చూస్తూ, "ఆడ పడినాది కదన్నా. ఆ ఊరోళ్లూ ఎండిపోయినోళ్లే" అంది. మళ్లీ మోకరించి ఆ ఊరికి వాన ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. అందరూ వెళ్లిపోయాక అడిగాను.

"అడిగింది మనం. ఇచ్చింది వాళ్లకా? ఎందుకు అత్తా?"

"నాకు తెల్దప్పా."

"అందరికీ వాక్యం చెప్తావు, నీకే తెల్దా?"

"తెల్దు. తెలిసినట్టు చెప్పమంటావా?"

ఆ జవాబు నాకు అప్పుడు చాలా చిన్నదిగా అనిపించింది.

ఆ తర్వాత కూడా వాన రాలేదు. ఎండిన చెట్లను కనీసం మేతకైనా పీకాలని మేము చేనిలోకి దిగిన రోజు, తన చేను వదిలేసి మార్తమ్మ మా చేనిలో వంగింది. పీకిన ప్రతి చెట్టునూ తిప్పి వేళ్లవైపు చూసేది. ఎక్కడో ఒక కాయ కనిపిస్తే మా అమ్మ ఒడిలో వేసేది. ఎద్దులను సంతకు తోలుతున్నప్పుడు ఆమె దొడ్డి దగ్గర కూలబడి, "అయ్యా, ఇదేం పని చేసినావు" అని దేవుణ్ణే అడుగుతూ గట్టిగా ఏడ్చింది. నాయన పలుపు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "ఆయన మీద అంత నమ్మకముంటే ఏడుపెందుకు మార్తమ్మా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "నమ్మకముండబట్టే ఆయన ముందర ఏడుస్తాండా అన్నా. లేకుంటే ఎవురి ముందర ఏడ్చల్ల?" అంది.

బెంగళూరులో కొన్నేళ్లు ఇటుకలు మోసి, తిరిగి వచ్చి తాడిపత్రిలో బండల పాలిష్ పనిలో చేరాను. సంఘంలో మాట్లాడేవాడినయ్యాను. ఒకసారి పెద్ద ప్రార్థన కూటాల్లో, దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నాకు ముందు మాట్లాడినతను జబ్బు నయమైన సంగతి చెప్పాడు. మైదానమంతా ఊగిపోయింది. నా దగ్గర ఉన్నది రాని వాన. మైకు పట్టుకున్నాక, మబ్బు గుట్ట దాకా వచ్చిందన్న మాట వరకూ నిజమే చెప్పాను. జనం ఊపిరి బిగబట్టి నా నోటివైపు చూస్తున్నారు. మబ్బును గుట్ట దాటించేశాను. ఆ తర్వాత నన్ను ఎక్కడికి పిలిచినా ఆ వాననే అడిగారు.

చివరికి మా ఊళ్లోనే చెప్పాల్సి వచ్చింది. మార్తమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చుని ఉంది. అయినా ఆపలేకపోయాను. కూటం అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. "ఏమప్పా, నా చేన్లో అంత వాన పడితే నేను తడవనే లేదే!" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"జనానికి విశ్వాసం పెరగల్లనీ..." అని నసిగాను.

"ఆ మూల కూర్చున్న పిల్లను చూసినావా? పోయిన నెల బిడ్డను పోగొట్టుకున్నాది. రేయింబవళ్లు మోకాళ్ల మీదే ఉన్నాది పాపం. ఇప్పుడు నా దగ్గరికొచ్చి, 'నీ మాదిరి అడగడం నాకు చాతకాలేదేమో అత్తా, అందుకే పోయినాడేమో' అంటాంది. ఏం చెప్పల్ల దానికి?"

నేను తల తిప్పి ఆ మూలన ఉన్న పిల్లను చూశాను.

"దేవుడు చెయ్యనిది చేసినాడని చెప్తివి. ఆ ఏడు మనల్ని ఇడిసిపెట్టకుండా ఉన్నాడే, అది ఎవురు చెప్తారప్పా?" అని, ఆ పిల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. తన చేను ఎండిపోయిందని ఆమెకు చెబుతూ ఉండటం నాకు వినిపించింది.

ఆనాటి నుంచి ఆ సాక్ష్యం మానేశాను. కానీ తప్పని ఎక్కడా చెప్పలేదు. మౌనంగా ఉంటే అదే చచ్చిపోతుందనుకున్నాను. అది నాకంటే దూరం నడిచింది. మార్తమ్మ సమాధి దగ్గర కూడా ఎవరో దాన్నే చెప్పారు. నేను మట్టి వేసి వచ్చేశాను.

కిందటి నెల ఆ ఆరాధన అయ్యాక పాస్టరుకు విషయం చెబితే ఆయన, వచ్చే శుక్రవారం కూడికలో మీరే చెప్పండి అన్నాడు. చెప్పాను. వాన పడలేదని, ఎద్దులు పోయాయని, మా నాయన చివరిదాకా మందిరం గడప తొక్కలేదని చెప్పాను. అయితే బెంగళూరులో రేకుల గుడిసెలో పడుకున్నప్పుడు ఆయన, "ఆయమ్మ మన ఎద్దులకు ఏడ్చినాది రా. ఆమెను పంపించినోడు ఎవుడో మంచోడే అయ్యుంటాడు" అన్న మాట కూడా చెప్పాను. ఈ మాట ఇన్నేళ్లలో ఏ మైకులోనూ చెప్పలేదు. చెప్పుకోదగ్గ అద్భుతంగా నాకు కనిపించలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భర్తను ఆసుపత్రిలో ఉంచి వచ్చిన ఒకామె అడిగింది.

"అయితే వాన పడనే లేదా అన్నా?"

"పడలేదమ్మా."

"ఆమె అడిగేది మానలేదా?"

"మానలేదు."

ఆమె కొంగు తల మీదికి లాక్కుని మోకరించింది. నేను ఆమె పక్కకు వెళ్లి మోకాళ్లు వంచాను. ఆమె భర్త బతుకుతాడో లేదో నాకు తెలియదు. తెలియదనే ఆమెతో చెప్పి, ప్రార్థన మొదలుపెట్టాను.