ఏ పెద్దమ్మ, ప్రభువా?

ముందే చెప్తున్న, నవ్వొద్దు. చాయ్ తాగుకుంట వినండి గని, నవ్వి పొలమారితే నాకు సంబంధం లేదు. పోయిన నెల ఒక ఆదివారం నేను చెప్పిన పాఠం పిల్లలు గంత మంచిగ నేర్చుకుంటరని నాకు తెల్వదు. తెలిస్తే చెప్పకనే పోదును!

మాది పెద్దమందడి పక్కన చిన్న ఊరు. వారమంత కుట్టుమిషన్ తొక్కుత, ఆదివారం మా చర్చిల సండే స్కూల్ చెప్త. పదకొండు మంది పిల్లలు. అండ్ల పెద్దది స్వాతి, ఆరో తరగతి. దానికి ప్రతిదానికి సవాలే. అందరికంటె చిన్నది చిట్టి, మొన్ననే బడిల వేసిండ్రు.

ఆ రోజు పాఠం, దేవుని మాట వినాలె, ఆయన ప్లాన్ నమ్మాలె అని. ఫుల్ ప్రిపేర్ అయ్యి పోయిన.

"దేవుడు మనతోని మాట్లాడ్తడు బిడ్డా. మనమే లొడలొడ వాగుకుంట వినం" అన్న.

స్వాతి చెయ్యి లేపింది. "టీచర్, దేవుని గొంతు ఎట్లుంటది?"

"వింటే నీకే తెలుస్తది."

"తెలుగుల మాట్లాడ్తడా?"

"నీకు సమజయ్యేటట్టే మాట్లాడ్తడు."

"మనం మాట్లాడినట్టా, టీవీల మాట్లాడినట్టా?"

చూసిండ్రా ఏం అడిగిందో! పెండ్లయి ఒచ్చిన కాన్నుంచి ప్రార్థనకు పోతున్న, నాకు ఎన్నడన్న గీ డౌట్ ఒచ్చిందా? నిజంగ, ఎట్లుంటదో! "మనం మాట్లాడినట్టే" అన్న, ధైర్యంగ.

"పని చెప్తడా?"

"చెప్తే ఎంటనే లేసి చెయ్యాలె. ఎందుకు, ఏంది అని అడగొద్దు. ఆయన ప్లాన్ ఆయనకుంటది."

ఇగ ప్రాక్టికల్ అన్నట్టు. "అందరు కండ్లు మూసుకొని సప్పుడు చెయ్యకుండ కూసోండి. ఏం వినబడ్డదో తర్వాత ఒక్కొక్కరు నాకు చెప్పాలె" అన్న. నాకు లోపల మస్తు ఆత్రం. ఏం వింటరు వీళ్లు? చిట్టి ఏం చెప్తది? నా ఫోన్‌ను చర్చి సౌండ్ బాక్సుకు కలిపి మెల్లగ ఫ్లూట్ మ్యూజిక్ పెట్టిన. రింగు మోగి పిల్లలు కండ్లు తెరవొద్దని ఫోన్ సైలెంట్ల పెట్టిన. ఎంత తెలివి! పిల్లలు బుద్ధిమంతుల లెక్క కూసున్నరు గద అని, నేను బిస్కెట్ల కోసం దుకాణానికి పోయిన.

దుకాణామె ముచ్చట పెట్టింది. పది నిమిషాలు ఇరవై అయినయి.

తిరిగొచ్చి చూస్తే చర్చి బయట పదకొండు జతల చెప్పులు ఎక్కడియి అక్కడనే ఉన్నయి. లోపల ఒక్క పిల్ల లేదు! ఫ్లూట్ మాత్రం మోగుతనే ఉన్నది.

అబద్ధమెందుకు, నాకు ముందుగాల ఏమనిపించిందో తెల్సా? ఆఖరి దినాలల్ల ఒస్తనన్న ప్రభువు ఒచ్చి పిల్లలనంత పరలోకానికి ఎత్తుకపోయిండేమో అనుకున్న. నన్ను ఇడిసిపెట్టి! చేతుల బిస్కెట్ పుడలు పట్టుకొని "అయ్యో ప్రభువా, దుకాణంల గంతసేపు నిలబడకపోదును" అని ఏడ్పు మొదలువెట్టిన.

అంతల రోడ్డు అవతల నుంచి చిట్టి గొంతు వినబడ్డది. "జల్ది, జల్ది!"

ఉరికిన. పిల్లలు యాడున్నరనుకున్నరు? నర్సమ్మక్క కల్లంల!

నర్సమ్మక్క ఎవ్వరో చెప్పాలె. మా చర్చి ఎదురుంగ ఇల్లు, పదెకరాల పల్లికాయ. మా సౌండ్ బాక్స్ ఒచ్చిన కాడినుంచి ఆమెకు తలనొప్పే. "మీ పిల్లలు నా పల్లికాయ బుక్కుతున్నరు" అని నెల కిందనే నాతోని పెద్ద లొల్లి పెట్టుకున్నది. అప్పటి సంది మాట్లాడ్తలేదు. ఆ రోజు ఇంటికి తాళమేసి అందరు పెబ్బేర్ల పెండ్లికి పోయిండ్రు. కల్లంల ఆరబోసిన పల్లికాయనేమో మా పిల్లలు చేతులతోని, గౌన్లతోని, పలకలతోని గుంజి కుప్ప జేస్తున్నరు. కల్లంల ఉన్న ప్లాస్టిక్ పట్టా సగం కుప్పకు కప్పిండ్రు గూడ.

నా పానం పోయింది. "ఏం చేస్తున్నరే! దొంగతనమా?"

"టీచర్, దేవుడు చెప్పిండు" అన్నది చిట్టి.

"దేవుడు వేరేటోల్ల పల్లికాయ ఎత్తమన్నడా?"

"కాదు టీచర్, వాన..." అని స్వాతి చెయ్యి పైకి లేపింది.

"చెయ్యి దించు! ఒక్కరు నోరు తెరవొద్దు. నర్సమ్మక్క ఒస్తే నన్ను ఊర్లె ఉండనిస్తదా? ఎట్లున్నయో అట్లనే పరవండి!"

నేను అరిస్తే పిల్లలు ఏం చేస్తరు? పట్టా తీసిండ్రు. సప్పుడు లేకుండ మల్ల పరవవట్టిరి. నేను గూడ వంగి గబగబ పరిచిన. పాపం స్వాతి ఒక్కతే నా దిక్కు చూసుకుంట, మెడ ఎత్తి ఆకాశం దిక్కు చూసుకుంట, మల్ల నా దిక్కు చూసుకుంట నిలబడ్డది. నేను పైకి చూస్తేనా!

సగం పరిచినంక నా ముక్కు మీద చుక్క పడ్డది.

అప్పుడు చూసిన. బిజినేపల్లి దిక్కు నుంచి ఆకాశమంత నల్లగ ఒరిగి ఒస్తున్నది. వెనకనే గాలి!

"కుప్ప జెయ్యండి! కుప్ప జెయ్యండి!" అని నేనే అరిచిన.

"పరవాల్నా, కుప్ప జెయ్యాల్నా టీచర్?" అని చిట్టి నిజంగనే అడిగింది. ఆ పిల్ల మొఖం చూసి సిగ్గుతోని సచ్చిపోయిన.

ఇగ ఏం గుంజుడు, ఏం ఉరుకుడు! నా కొత్త చీర కొంగునిండ పల్లికాయ మోసిన. పట్టా కప్పి నాలుగు దిక్కుల రాళ్లు పెట్టినం. గాలికి పట్టా లేస్తుంటే పిల్లలు అంచుల మీద కూసున్నరు. చిట్టిని మధ్యల కూసోబెట్టినం. అర్ధగంట వాన. పన్నెండు మందిమి పట్టా మీద తడుసుకుంట కూసున్నం.

వాన తగ్గుతుంటె ఆటో ఒచ్చింది. నర్సమ్మక్క దిగింది. పట్టుచీర, నెత్తిమీద ప్లాస్టిక్ కవర్. నేను లేసి నిలబడ్డ. ఆమె పట్టా అంచు లేపి లోపలికి చెయ్యి పెట్టింది. పొడిగున్నది. ఇంకా లోపలికి పెట్టింది. అదీ పొడే.

"ఎవ్వరు చెప్పిండ్రు మీకు?"

"దేవుడు!" పదకొండు మంది ఒక్కసారే.

నర్సమ్మక్క నా దిక్కు చూసింది. నేనేం చెప్పాలె? నేను చెడగొట్టిన్నని చెప్పాల్నా? ఉత్తగ తల ఊపిన. ఆమె లోపలికి పోయి తువ్వాల తెచ్చి ముందు చిట్టి తల తుడిచింది. "సలి పెడ్తదే, లోపలికి రాండ్రి" అన్నది. పల్లికాయ ఉడకబెట్టి గిన్నె నిండ పిల్లల ముంగట పెట్టింది. నాకు గూడ పెట్టింది, ఒక పిడికెడు.

అక్కడ తినుకుంట స్వాతిని అడిగిన. "నిజం చెప్పు బిడ్డా, ఏం వినబడ్డది మీకు?"

"మేం కండ్లు మూసుకున్నం గద టీచర్. మ్యూజిక్ ఆగిపోయింది. 'ఇంటున్నవా... వా... వా' అన్నడు. పెద్ద గొంతు. మేం భయపడి 'ఇంటున్నం' అన్నం. 'ఎన్నడు నా మాట ఇనవు, జల్ది లేవు' అన్నడు. 'పెద్దమ్మ పల్లికాయ ఆరబోసి ఉన్నది, వాన ఒస్తున్నది, పోయి కప్పు' అన్నడు. నాకేమో పెద్దమ్మలు ముగ్గురు టీచర్. అందుకే నేనడిగిన, 'ఏ పెద్దమ్మ, ప్రభువా?' అని."

నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నయి. "జవాబు చెప్పిండా?"

"చెప్పిండు. 'ఏ పెద్దమ్మ ఏంది, మతి పోయిందా? రోడ్డు పక్క కల్లం! ఎందుకు, ఏంది అడగకు, పో!' అన్నడు. జర కోపం మీద ఉన్నడు టీచర్. మేం నర్సమ్మ పెద్దమ్మ అనుకొని ఉరికినం."

నాకు కండ్లల్ల నీళ్లు. మా చర్చిల, నా పిల్లలకు! నర్సమ్మక్క గూడ చెంపలు వేసుకున్నది.

గా టైంల బండి మీద మా ఆయన ఒచ్చి దిగిండు. వెనుక ఆయన పెద్దమ్మ. ఆమెను పొద్దున్నే నాగర్‌కర్నూల్ల కంటి క్యాంపుకు తోల్కపోయిండు. ఇద్దరు తడిసి ముద్దయిండ్రు.

"పెద్దమ్మ పల్లికాయ కప్పలేదేందే?" అన్నడు మా ఆయన. అదే గొంతు! స్వాతి చేతిల పల్లికాయ కింద పడ్డది.

"నాకెవ్వరు చెప్పిండ్రు?" అన్న.

"బిజినేపల్లిల వాన పట్టుకుంటె ఫోన్ జేసి చెప్పిన గద! నువ్వేమో ప్రభువా, ప్రభువా అన్నవు. పరేషాన్ల ఉన్నవనుకున్న."

అప్పుడు వెలిగింది. మిషన్ మీద చేతులు ఖాళీ ఉండవని, ఫోన్ ఒస్తే దానంతట అదే ఎత్తుకునేటట్టు మా మరిది సెట్టింగ్ పెట్టిండు. పొద్దుగాల పాటలకు సౌండ్ బాక్సుల ఎకో పెట్టింది నేనే. తియ్యనిది నేనే.

మా పెద్దమ్మ కల్లం గూడ రోడ్డు పక్కనే, ఊరికి అవతల. కౌలు పొలం పంట, మొత్తం నానింది. మూడు రోజులు మిషన్ బంద్ పెట్టి ఎండల తిరగేసిన. నర్సమ్మక్క తన పట్టాలు రెండు ఇచ్చి పక్కన కూసొని తాను గూడ తిరగేసింది. పంట దక్కింది.

మల్ల ఆదివారం పిల్లలకు నిజం చెప్పేసిన. "ఆ రోజు మాట్లాడింది దేవుడు కాదు బిడ్డా, మా ఆయన" అన్న.

స్వాతి బాగ ఆలోచించింది. "మరి మీ ఆయన ఒక పెద్దమ్మ గురించి చెప్తే ఇంకో పెద్దమ్మ పల్లికాయ ఎట్ల దక్కింది టీచర్? అది ఎవ్వరి ప్లాన్?"

మీకు తెలిస్తే చెప్పండి.

"ఇంకోటి టీచర్" అన్నది. "మేం వాన అంటే మీరు విననే లేదు. వినుడు పాఠం మీరు మల్ల మొదటి నుంచి నేర్చుకోవాలె."

అంటే కాదంటనా? నిన్న స్వాతి టీచర్, నేను పిల్లల వరసల చిట్టి పక్కన. కండ్లు మూసుకొని ఐదు నిమిషాలు వినమన్నది. ఈసారన్న వినాలె అని గట్టిగ కండ్లు మూసుకున్న. తర్వాత ఏం వినబడ్డదో ఒక్కొక్కరిని అడిగింది. అందరు ఒక్కటే చెప్పిండ్రు.

నా గురక వినబడ్డదంట.