ఒగ్గాణి హోటల్ నుంచి నేను చూసిన ధర్నా

కరోనా తగ్గిన రెండో ఏడు, ఉగాది ఇంకా నెల ఉందనగా, నన్ను బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా ఠాణాలో ఎస్.బి. డ్యూటీకి వేశారు. ఆ ఠాణా పేరు ఇక్కడ రాయను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు, పైగా నా పరువు సంగతి కూడా కొంత ఉంది. అప్పటికి నేను హెడ్ కానిస్టేబుల్ని, మా వైపు మాటలో దఫేదారుని. మోకాళ్ళు అరిగిపోయాయి, బందోబస్తులో గంటల కొద్దీ నిలబడలేను, కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించండని అర్జీ పెట్టుకుంటే ఈ డ్యూటీ ఇచ్చారు. అందులో కూర్చోవడం అనే మాటను నేను మరీ గట్టిగా పట్టుకున్నానని తర్వాత తేలింది.

ఎస్.బి. అంటే స్పెషల్ బ్రాంచ్. ఠాణాకు ఒకడుంటాడు. యూనిఫారం వేసుకోడు. తాలూకాలో సభ జరిగినా, ధర్నా జరిగినా, ఊరేగింపు బయల్దేరినా అక్కడికి పోయి జనంలో కలిసిపోవాలి. ఎవరు పిలిచారు, ఎవరెవరు మాట్లాడారు, ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి ముగిసింది అని గుర్తుపెట్టుకుని రిపోర్టు రాయాలి. అది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ద్వారా పైకి పోతుంది. జనంలో కలిసిపోవడమన్నది నా విషయంలో ఎన్నడూ జరగలేదు. నా మీసం, నా క్రాపు, మఫ్టీలో కూడా నేను వదలని ఎర్ర బూట్లు చూసి ఊళ్ళో చిన్నపిల్లలు సైతం పక్కకు తప్పుకునేవారు. ధర్నా చేసేవాళ్ళు నాకొక కుర్చీ వేసి పెట్టేవారు. ఉపన్యాసం అయ్యాక, మేం చెప్పిందంతా సరిగ్గా రాసుకున్నారా అని నన్నే అడిగేవారు.

ఈ రహస్య సేవలో నాకు కుడిభుజం ఎర్రిస్వామి. ఒక తెలుగు దినపత్రికకు ఆయన తాలూకా విలేకరి. విలేకరి అనగానే జీతం, నియామక పత్రం ఉంటాయని అనుకోకండి. మెడలో ఒక కార్డు, చేతిలో సెల్‌ఫోను, కింద పాత మోటారు సైకిలు, ఆయన ఉద్యోగం అంతే. తాలూకా వార్తల చివర "ఈ కార్యక్రమంలో ఫలానా ఫలానావారు పాల్గొన్నారు" అని ఒక పేర్ల వరస ఉంటుంది, మీరు చూసే ఉంటారు. పేరు పడినవాడు ఆ రోజు పేపరు కొంటాడు, అందుకని ఆ వరస తప్పనిసరి. ఎర్రిస్వామి ఆ పేర్లను సంఘాలవాళ్ళ దగ్గర ముందే అడిగి, నోటుపుస్తకంలో ఒక పేజీ మీద రాసుకునేవాడు. ఆ పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపేవాడు. నేను దాన్ని కన్నడంలోకి ఎత్తి రాసి, పైన 'స్వయంగా చూసి గుర్తించిన వ్యక్తులు' అని శీర్షిక పెట్టి పంపించేవాణ్ణి. బదులుగా, జనం ఎంతమంది అని ఆయన అడిగితే నేను చెప్పిన అంకె పేపర్లో పడేది. ఇద్దరిలో ఎండలో నిలబడి పని చేసేది ఆయన ఒక్కడే.

మరుసటి ఏడు మార్చిలో కాలువ చివరి భూముల రైతులు నీళ్ళ కోసం రోడ్డెక్కారు. వరి పొట్ట మీద ఉంది. ఇంకో రెండు తడులు అందితే పంట చేతికొస్తుంది, లేదంటే పైరు పశువులకు వదలాల్సిందే. కాలువ వంతెన దగ్గర రాస్తారోకో చేస్తామని ముందురోజే చెప్పారు. ఉదయం తొమ్మిదికి ఎర్రిస్వామి పేజీ వచ్చింది. పదకొండు పేర్లు, అడుగున ఎప్పటిలాగే తన పేరు, ఊరు. ఎవరికి ఏం పంపినా వార్త కింద వేసుకున్నట్టు అడుగున పేరు వేసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు జనం ఎక్కువ వస్తారని తెలిసి నేను కూడా తెలివి చూపించాను. రైతు సంఘంవాళ్ళు వేసుకునే ఆకుపచ్చ శాలువా ఒకటి సంపాదించి భుజాన కప్పుకున్నాను. ఆ వేషంలో పోయి వంతెనకు ఎదురుగా ఉన్న ఒగ్గాణి హోటల్లో, రోడ్డు కనబడే బల్ల దగ్గర కూర్చున్నాను. ఒగ్గాణి అంటే నానబెట్టిన బొరుగుల తాలింపు, మిరపకాయ బజ్జీతో తింటారు. హోటలామె నన్ను చూసి, "గుప్తం దఫేదారప్ప వచ్చినాడు, నీళ్ళు పెట్టండి" అని లోపలికి చెప్పింది.

పదకొండయ్యేసరికి రెండు వైపులా బస్సులు నిలిచిపోయాయి. తహసీల్దారు వచ్చి మాట్లాడారు, కుదరలేదు. బయటి జిల్లా నుంచి వచ్చిన రిజర్వు ప్లటూను వ్యానులోంచి దిగింది. జనాన్ని చెదరగొట్టే ముందు, ఇది చట్టవిరుద్ధమైన గుంపు, వెళ్ళిపోండి అని మైకులో హెచ్చరించాలి. హెచ్చరించినట్టు రికార్డులో ఉంది. నేను విన్నానా అంటే, ఆ సమయానికి రెండో ప్లేటు చెప్పి ఉన్నాను. రాయి ఒకటి పడిందని, ఒక కానిస్టేబులుకు తగిలిందని కూడా రికార్డులోనే ఉంది. నాకు తెలిసిందల్లా అరుపులు వినబడటం, నేను లేచి రోడ్డు మీదికి పరుగెత్తడం. అప్పటికైనా చూసి రాయాలన్న బుద్ధి పుట్టినందుకు నన్ను కొంత మెచ్చుకోవాలి.

ప్లటూనువాళ్ళకు నేనెవరో తెలియదు, శాలువా కనబడింది. మొదటి దెబ్బ పరుగెత్తే మనిషికి వెనక ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రెండో దెబ్బకు బోర్లా పడ్డాను, కళ్ళజోడు పోయింది. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా మారువేషం ఫలించింది ఆ ఒక్కరోజే, అదీ మా వాళ్ళ మీద.

ఎర్రిస్వామి వంతెన గోడ మీద నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు. నేను పడటం చూసి దూకి పరుగెత్తుకొచ్చాడు. నా మీద ఒక చెయ్యి అడ్డం పెట్టి, "పోలీసాయప్పే ఈయప్ప, మీ ఇలాఖా మనిషి, కొట్టద్దండప్పా" అన్నాడు. నన్ను వదిలి ఆయన వైపు తిరిగారు. ప్రెస్ అని కార్డు చూపించాడు. కార్డు తెంపారు, ఫోను లాక్కుని రోడ్డుకేసి కొట్టారు. అడ్డం పెట్టిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. అలాగే తీసుకెళ్ళి వ్యాను ఎక్కించారు. కళ్ళజోడు లేక నాకు మసగ్గానే కనబడింది కానీ, ఆ రోజు మొత్తం మీద నేను నిజంగా చూసింది ఇదొక్కటే.

హోటల్ వెనక గదిలో బోర్లా పడుకుని ఉండగా ఠాణా రైటరు ఫోను చేశాడు. రైటరంటే ఠాణాలో కాగితాలన్నీ రాసే కానిస్టేబులు. ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి, పేర్లు కావాలి, సర్కిల్ సాహెబ్రు తొందరపెడుతున్నారన్నాడు. నేను పొద్దుటి ఫోటోను అలాగే పంపి, ఇదే లిస్టు, ఎక్కించుకో అన్నాను. అతను ఎక్కించుకున్నాడు, అడుగున ఉన్న పేరుతో సహా. మర్నాడు నా రిపోర్టు కూడా అతనే టైపు చేసి తెచ్చాడు, రెండూ ఒకేలా ఉండాలి కదా. కళ్ళజోడు లేకుండానే సంతకం పెట్టాను. ధర్నాల్లో పట్టుకున్నవాళ్ళను వదిలినట్టే ఎర్రిస్వామిని కూడా సాయంత్రానికి వదిలేసి ఉంటారనుకున్నాను, అడిగి తెలుసుకోలేదు. ఎందుకు కుంటుతున్నావని రైటరు అడిగితే బండి మీంచి పడ్డానని చెప్పాను.

కొత్త కళ్ళజోడు మూడో రోజు వచ్చింది. అప్పుడు నా రిపోర్టు నేను చదివాను. పన్నెండో నిందితుడు ఎర్రిస్వామి, నేను స్వయంగా చూసి గుర్తించిన వ్యక్తి. సెక్షను మూడు వందల యాభై మూడు, అంటే ప్రభుత్వోద్యోగి మీద దౌర్జన్యం చేసి విధులకు అడ్డుపడటం. అప్పటి చట్టంలో దానికి రెండేళ్ళ దాకా శిక్ష, ఠాణాలో బెయిలు దొరకదు. ఆయన అప్పటికే రిమాండుకు పోయి, చేతికి కట్టుతో జైల్లో ఉన్నాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోయి, ఆ పేరు పొరపాటున పడిందన్నాను. ఎఫ్.ఐ.ఆర్. మేజిస్ట్రేటుకు చేరిపోయింది, కొట్టేయడం మన చేతిలో లేదన్నారు. అది నిజమే. కానీ దర్యాప్తులో పాత్ర లేదని తేలితే అభియోగపత్రంలో ఆ పేరు వదిలేయవచ్చు. ఆ దారి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. పగిలిన ఫోనులో లాఠీచార్జి వీడియో ఉండేది. ఫోను పోయింది, తీసినవాడు లోపల ఉన్నాడు. ఈ రెండు సంగతులూ పైవాళ్ళకు అంత బాధ కలిగించినట్టు లేదు. ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడిగారు. "హెంగప్పా, ఎట్ల పొరపాటు? నువ్వు ఆడ నిలబడి చూసి రాసినావా, లేదా?" లేదంటే, మరి ఎక్కడున్నావంటారు. హోటల్లో అనాలి. ఆ తర్వాత నా కుంటు సంగతి కూడా బయటికొస్తుంది. చూసినాను సార్ అని చెప్పి సెల్యూట్ కొట్టి వచ్చేశాను.

ఇక్కడ ఒకటి దాచకుండా రాయాలి. నన్ను ఆపింది శిక్ష భయం కాదు. రిటైరయ్యే హెడ్ కానిస్టేబుల్ని ఏం చేస్తారు, మహా అయితే ఒక ఇంక్రిమెంటు ఆపుతారు. నన్ను ఆపింది సిగ్గు. ఎస్.బి. దఫేదారు ఆకుపచ్చ శాలువా కప్పుకుని సొంత ఇలాఖా చేత పిర్రల మీద కొట్టించుకున్నాడని ఠాణాలో కుర్రకానిస్టేబుళ్ళు నవ్వుతారు, మా ఊరు దేశనూరులో బావమరుదులు పండక్కి పండక్కి చెప్పుకుంటారు. ఆ నవ్వు తప్పించుకోవడానికి, నన్ను కాపాడిన మనిషిని జైల్లో ఉండనిచ్చాను.

ఎర్రిస్వామి భార్య హులిగమ్మ అంగన్‌వాడీ టీచరు. ఒక ఉదయం నేరుగా మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, నువ్వు ఆడనే ఉంటివంట గదా. మా ఆయప్ప రాయి ఏసినాడా?"

కోర్టులో అంతా తేలుతాదిలేమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. "కోర్టు సంగతి నేను అడగలేదన్నా. నువ్వు చూసినావో లేదో అదొకటి చెప్పు" అంది. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. ఠాణాకు టైమైందని చెప్పి లేచి బూట్లు వేసుకున్నాను. ఆ రోజు నాకు వారపు సెలవు.

పన్నెండు రోజులకు బెయిలు వచ్చింది. ఈలోగా పత్రిక, ఎర్రిస్వామి కార్డు గడువు అంతకుముందే తీరిపోయిందని, ఆయన తమ ఉద్యోగి కాదని ఒక లేఖ ఇచ్చింది. నెల తిరక్కుండా ఆ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంది. ఇన్నేళ్ళు ఎండలో తిరిగి రాసిన వార్తలకు ఆయన దగ్గర మిగిలింది పేరు ఒక్కటే, ఆ పేరు ఇప్పుడు కేసులో ఉంది. కేసు ఉన్నవాడికి ఏ పత్రికా కొత్త కార్డు ఇవ్వదు. నేను బజారులో ఆయన కనబడితే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. జనంలో కలిసిపోవడం అప్పుడు నాకు బాగానే చేతనైంది.

ఏడాదిన్నరకు కేసు సాక్ష్యానికి వచ్చింది. నేను నాలుగో సాక్షిని. ప్రభుత్వ లాయరు అడిగినంతసేపు బాగానే నడిచింది. రిపోర్టు నాదే, సంతకం నాదే, చూసింది నేనే. తర్వాత నిందితుల లాయరు లేచి, ఐదో నిందితుణ్ణి కూడా మీరు స్వయంగా చూశారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. చూశానన్నాను. ఆయన ఒక ఫోటో, ఒక చీటీ తీసి జడ్జిగారి ముందు పెట్టాడు. ఐదో నిందితుడు ఏటా ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే మనిషి. పేరు మాత్రం సంఘంవాళ్ళు అలవాటుగా ఎర్రిస్వామికి చెప్పారు. ఆ రోజు ఆ మనిషి శ్రీశైలం దారిలో ఆత్మకూరు దగ్గర వైద్య శిబిరంలో పాదాల బొబ్బలకు మందు వేయించుకుంటున్నాడు, చీటీ మీద తేదీ ఉంది. కాలువ వంతెన దగ్గర నిలబడితే ఆత్మకూరు కనబడుతుందా అని లాయరు అడిగాడు. హాలంతా నవ్వారు. తలుపు దగ్గరున్న మా కోర్టు కానిస్టేబులు కూడా నవ్వాడు.

ఏడాదిన్నరగా నేను తప్పించుకు తిరిగిన నవ్వు అదే. వచ్చింది, కాసేపుండి ఆగిపోయింది. బోనులో నేను ఇంకా నిలబడే ఉన్నాను. జడ్జిగారు, మరి అప్పుడు నువ్వు ఎక్కడున్నావని అడిగారు.

"ఒగ్గాణి తింటా ఉంటి సార్," అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. పేజీ ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, నేను ఎలా పంపానో చెప్పాను. దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పినప్పుడు టైపిస్టు చెయ్యి ఆపి జడ్జిగారి వైపు చూశాడు. 'నడుము కింది భాగం' అని ఆయన రాయించారు. ఎర్రిస్వామి ఒక చేతిలో ఫోను ఉందని, రెండో చెయ్యి నా మీద అడ్డం ఉందని, ఆ చెయ్యే విరిగిందని చెప్పాను. ప్రభుత్వ లాయరు నేను ఎదురు తిరిగిన సాక్షినని జడ్జిగారికి విన్నవించుకున్నాడు. ఆ బిరుదు పోలీసుకు దొరకడం అరుదు.

కేసు కొట్టేశారు. నాకు శాఖాపరమైన విచారణ జరిగింది, అనుకున్నట్టే ఒక ఇంక్రిమెంటు ఆపారు, రిటైరయ్యేదాకా ఖనిజం లారీల చెక్‌పోస్టులో వేశారు. ఠాణాలో ఓ పది రోజులు నన్ను చూసి నవ్వుకున్నారు. పదకొండో రోజు వేరే ఎవరి సంగతో దొరికింది.

తీర్పు వచ్చిన రోజు కోర్టు వరండాలో ఎర్రిస్వామి ఎదురయ్యాడు. ఈసారి పక్క సందు లేదు. మణికట్టు వంకరగా అతుక్కుంది, ఆ చేత్తో పెన్ను పట్టుకోలేడు. ఇప్పుడు తనే ఫోనులో వార్తలు చదివి నెట్‌లో పెడుతున్నాడని విన్నాను. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆయన ముందే అన్నాడు. "ఆ పొద్దే చెప్పింటే ఏమైతుండెన్నా? రోంతసేపు జనం నగుతుండ్రి. అంతే గదా." గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. జవాబు కోసం ఆయన నిలబడలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. చూడనిది చూశానని రాయకండి. రాసి ఉంటే, తప్పని చెప్పడానికి కోర్టు దాకా ఆగకండి. ప్లటూను ఎర్రిస్వామిని కొట్టింది రెండు నిమిషాలు, వాళ్ళకు ఆయనెవరో తెలియదు. నాకు తెలుసు. నేను పద్దెనిమిది నెలలు కొట్టాను.